శ్రావణి చూపించిన ఎర్ర కార్డు

యానాంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు పాఠాలు చెబుతాను. ఈ రోజు మా గదికి తనిఖీ అధికారి వచ్చారు. కనకాలపేట నుంచి వచ్చే తొమ్మిదేళ్ల శ్రావణి, గోల ఎక్కువైతే పక్కనున్నవాళ్లను కొరికేస్తుంది. కొరకకుండా ఎర్ర కార్డు చూపించమని నాలుగు నెలలుగా నేర్పుతున్నాను. నా చేతుల మీద ఇంకా పంటిగాట్లున్నాయి.

ఆయన గట్టిగా ప్రశ్నలు వేస్తుంటే శ్రావణి చెవులు మూసుకుంది. ఎవరినీ కొరకకుండా లేచి, మొదటిసారి ఆ కార్డు తీసి ఆయన ముఖానికెదురుగా పట్టుకుంది.

"ఏంటమ్మా ఇది?" అన్నారాయన.

"గోల ఎక్కువైపోయిందంటుందండి. ఓ ఐదు నిమిషాలు ఆగమంటుందండి," అన్నాను. ఆనందంతో శ్రావణికి బొటనవేలు ఎత్తి చూపించాను.

ఆయన తనిఖీ పుస్తకంలో "క్రమశిక్షణ లేదు" అని రాసి, కింద నా చేత సంతకం పెట్టించుకుని వెళ్లారు. ఇంటికొచ్చి కూలబడ్డాను, అన్నం వండే ఓపిక కూడా లేదు. ఆయన స్థానంలో మీరుంటే ఏం రాసేవారు?