పాత రంగు తీపి

పాత తలుపుల మీద రంగు గీకడంలో పెద్దమ్మని మించినవాళ్లు లేరు. ముప్పై ఏళ్ల చెయ్యి మరి. తలుపు మీద చూపుడువేలు రుద్ది, నాలుకకి అంటించుకుని, "తీపిగా ఉంది. పాతకాలపు సరుకు. గట్టిగా పట్టుకుని ఉంటుంది, గీకడానికి పెద్ద రేకు తియ్యండి" అనేది. ఆ మాట ఎప్పుడూ తప్పలేదు. ఇప్పటి మేస్త్రితో సహా అందరూ ఆవిడ చేతికిందే ఆ విద్య నేర్చుకున్నారు.

కూతురు కుట్టుపనికి పోతే ఐదేళ్ల మనవరాలు ఈవిడ వెంటే తిరిగేది. రాలిన పెచ్చు తీసి నాకి, "తీపే అమ్మమ్మా!" అనేది. పెద్దమ్మ మురిసిపోయేది. ఆ మురిపెం గుర్తొస్తే ఇప్పుడు తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తుంది.

పిల్ల కడుపునొప్పని అన్నం మానేసింది. నిన్న నేర్చుకున్న అక్షరం ఇవాళ మర్చిపోసాగింది. ఆస్పత్రిలో రక్తం పరీక్ష చేస్తే సీసం ఉందన్నారు.

"పాత రంగుల్లో తీపి దానిదేనమ్మా," అంది నర్సు. "దుమ్ములో కూడా ఉంటుంది. ఇక లోపలికి పోకుండా చూసుకోవాలి. జరిగిన నష్టం ఎంత మానుతుందో చెప్పలేం."

పెద్దమ్మ కరువుతీరా ఏడ్చింది. ఏడుపు ఆగాక ఒళ్లు మండింది. రంగులో సీసం కలిపినవాళ్లకి తెలుసుగా! ముప్పై ఏళ్లలో ఒక్కడైనా చెప్పి చావలేదేం?

తర్వాతి పని ఒక బడిలో. ఎల్లుండి సెలవులు అయిపోతాయి. పెద్దమ్మ నీళ్ల బకెట్టుతో వచ్చింది.

"దుమ్ము లేవకుండా తడిపి గీకాలి. తర్వాత నేలంతా తడిగుడ్డతో తుడవాలి. నాలుగు రోజులు పడుతుంది."

మేస్త్రి నెత్తి కొట్టుకున్నాడు. "తడిపితే చెక్క ఉబ్బుతుందని నా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పిందెవరు పెద్దమ్మా?"

"నేనే."

"ఇన్నేళ్లు ఆ రంగు నాకావు. గుండ్రాయిలా ఉన్నావు!"

ఆవిడ చేతులు చాచింది. వేళ్లు వణుకుతున్నాయి. రెండేళ్లుగా ఎవరి కంటా పడకుండా దాచుకొస్తోంది.

మేస్త్రి చూపు తిప్పుకున్నాడు. "చెయ్యలేకపోతే వెళ్లు. ఇంకో పదిమంది ఉన్నారు."

"ఆ పదిమందికీ నేర్పింది నేనేరా. తప్పు నేర్పాను. నా మనవరాలికి నా చేత్తో విషం పెట్టాను. ఇంకొకళ్ల పిల్లలకి పెట్టను, నిన్నూ పెట్టనివ్వను."

అని గది గడపకి అడ్డంగా కూలబడింది. లోపల గీకుతున్న ఇద్దరూ రేకులు కింద పెట్టేశారు. మేస్త్రి గొంతు చించుకున్నా మళ్లీ ముట్టుకోలేదు.

"హెడ్‌మాస్టర్ని పిలు," అంది పెద్దమ్మ. "ఎల్లుండి బడి ఎందుకు తెరవకూడదో నేను చెప్తాను. తప్పు నాదనీ చెప్తాను."

"ఆ తర్వాత నీకు ఎవడూ పనివ్వడు."

"ఇవ్వకపోతే మానె. పిలు."