మేకల దొడ్డిలో ఏరిన తుమ్మగింజలు

చిన్నప్పుడు ఎండాకాలం సెలవులొచ్చాయంటే చాలు, నా చేతులు మేకపెంటికల కంపు కొట్టేవి... సబ్బుతో ఎంత రుద్దినా పోయేది కాదు. ముద్ద నోటి దగ్గరికి తెచ్చుకుంటే ముందు ఆ కంపే తగిలేది.

మాది చేవెళ్ల దగ్గర ముడిమ్యాల. మా నాయనమ్మను అందరం అవ్వ అని పిలిచేవాళ్లం. చేని గట్ల మీద కలప కోసం నల్లతుమ్మలు పెంచడమంటే ఆమెకు పిచ్చి. నాగలికైనా, బండికైనా, ఇంటి దర్వాజకైనా తుమ్మకట్టే కావాలి. గింజ దగ్గర మాత్రం మహా మొండి మనిషి... బావి దగ్గర నిటారుగా పెరిగిన తుమ్మ ఒకటుండేది, ఆ ఒక్క చెట్టు కాయలే ఏరించేది. వాటిని సాయంత్రం మేకలకు వేసేది. అవి నెమరేసి ఉమ్మిన గింజలు, పెంటికల్లో పడ్డ గింజలు... అన్నీ పొద్దున్నే ఏరాల్సింది నేను!

ఉచ్చ, పెంటికలు, ఈగలు. ఛీ... ఇప్పుడు రాస్తుంటే కూడా ముక్కు మూసుకోబుద్ధవుతోంది. ఎందుకీ రోత పని నాకు, కాయ పగలగొట్టి గింజ తీస్తే సరిపోదా అని ఏడ్చేదాన్ని.

"తుమ్మగింజ తోలు రాయి తీరు గట్టిగుంటది బిడ్డా. మేక కడుపుల నానితేనే మంచిగ మొలుస్తది" అనేది అవ్వ.

పదేళ్లప్పుడు ఒక దొంగపని చేశాను. బడికి పోయే తొవ్వ పక్కన అష్టవంకరలు తిరిగిన తుమ్మ ఒకటుండేది. దాని కింద ఎండుకాయలు బోలెడు. రాయితో కొట్టి, గింజలు తీసి డబ్బా నింపేశాను. ఆ రోజు దొడ్డి వైపు తొంగి కూడా చూడలేదు.

అవ్వ పిడికెడు గింజలు తీసి వాసన చూసింది.

"కంపు కొడ్తలేవేందే?"

కడిగానని చెప్పాను. పాపం, నమ్మేసింది... పిల్లకు బుద్ధొచ్చిందని వాడకట్టంతా చెప్పుకుంది. ఆ గింజల్ని ఎక్కడ వేసిందనుకున్నారు? పెద్దయ్యాక నాకే ఇస్తానన్న ఇరవై గుంటల చేను ఉంది కదా, దాని గట్టు మీద! గుంతకు మూడు చొప్పున తన చేత్తోనే వేసింది.

సగానికి సగం మొలవనే లేదు. మొలిచినవి నడుమెత్తు కాకముందే మెలికలు తిరిగాయి. నాలుగేళ్లకు ఒక పొద్దున అవ్వ వాటి ముందు నిలబడి ఒక్కో మెలికా తడిమి చూసింది.

"ఈ పోలిక నాకెరుకే. తొవ్వపక్క తుమ్మ పిల్లలివి" అంది, నా మొహం చూడకుండా.

తిట్టలేదు, కొట్టలేదు. మా బాపు పీకేస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. మొలిచినదాన్ని పీకొద్దట, పొయ్యిలోకన్నా పనికొస్తాయట. నాకు మాత్రం ఆ గట్టు మీద నడవాలంటే సిగ్గుతో చచ్చినట్టుండేది.

అవ్వ పోయింది. చేను నాకొచ్చింది. నేను మొయినాబాద్‌లో టీచర్ని. చేను చుట్టూ ఇప్పుడు ఫామ్‌హౌస్‌లు, వెంచర్ల ప్రహరీలు... అమ్మేయమని ఇంట్లో అందరూ పోరు పెట్టినా వినలేదు. అవ్వ కోరుకున్నట్టు ఆ ఇరవై గుంటల్లోనైనా కలపచెట్లు నిలబడాలని నా పట్టు.

మరి అంత పట్టున్నదాన్ని మొక్కలు ఎట్లా ఎంచుకున్నాను? రోడ్డు పక్క ఒక నర్సరీకి పోయి, భుజమెత్తున్న టేకు మొక్కలు నిగనిగలాడుతుంటే చూసి పడిపోయాను. గింజ ఏ చెట్టుదని అడగలేదు. ఒక్క సంచి చింపి వేరు చూడలేదు. శుభ్రంగా ఉన్నాయి, కంపు లేదు... అంతే! ఫోటోలు ఇక్కడే పెట్టాను కూడా, మీరంతా లైకులు కొట్టారు.

మూడేళ్లు నీళ్లు పోశాను. మొన్నటి గాలిదుమారానికి సగం పడిపోయాయి. మిగిలినవాటిలో ఒకదాన్ని పట్టుకుని లాగితే ఊరికే ఊడొచ్చింది... వేరు భూమిలోకి దిగనే లేదు. బిందె కింద పెట్టుకునే చుట్టకుదురులాగా సంచిలో ఎట్లా చుట్టుకుందో అట్లాగే ఉంది. ముదిరిపోయిన మొక్కల్ని ఆ ఇరుకు సంచుల్లోనే ఉంచి, పొడుగు చూపించి అంటగట్టాడన్నమాట ఆ నర్సరీవాడు. థూ! వాడి మీద ఎంత రోత పుట్టిందో చెప్పలేను. అంతకు రెండింతలు నా మీద పుట్టింది... అవ్వ దగ్గర గింజ ఏరడం నేర్చుకున్నదాన్ని, మళ్లీ ముక్కు మాటే విన్నాను.

నిన్న పొద్దున్నే మల్లయ్యన్న మేకల దొడ్డికి పోయాను. మా గట్ల మీదే మేకలు మేపుతాడాయన. తుమ్మతోనే మళ్లీ మొదలుపెడదామని కొంగు దోపుకుని పెంటికల్లో చెయ్యి పెట్టాను. అదే కంపు... అయినా లేవలేదు. గుప్పెడు గింజలు పోగయ్యాక, మేకలు బావికాడి తుమ్మ కిందికి పోతున్నాయా అని అడిగాను.

"అదెక్కడిది టీచరమ్మా... వెంచరోళ్లు ఎప్పుడో కొట్టేసిండ్రు. సక్కగున్నయన్ని దర్వాజలకే పాయె. ఇప్పుడు కాయలున్నయంటే మీ గట్టు మీది వంకరయే. మా మేకలు గా కాయలే తింటున్నయి."

అంటే నా చేతిలో ఉన్నవీ ఆ వంకర చెట్ల గింజలే. మా మొయినాబాద్ ఇంటి దర్వాజ కూడా అవ్వ పెంచిన నిటారు తుమ్మదే. కోయించింది నేనే. మంచివన్నీ కోసుకుని గింజకని ఒక్కటి కూడా ఉంచలేదు... పదేళ్ల పిల్ల చేసిన దొంగపనే ఇప్పుడు ఊరికి విత్తనమైంది.

వానలకు ఇంకా కొన్నాళ్లుంది. చేవెళ్ల, షాబాద్ వైపు మీ గట్ల మీద నిటారు నల్లతుమ్మ ఒక్కటైనా మిగిలి ఉంటే చెప్పండి... కాయలు నేనే వచ్చి ఏరుకుంటాను. మేకలకు వేసి, దొడ్డిలో కూర్చుని గింజలూ నేనే ఏరతాను. నమ్మకం లేకపోతే వచ్చి నా చేతులు వాసన చూడండి.