దవడలో గాజు

గాజు ఒంట్లో దిగితే తీసెయ్యాలి. దోహాలో టవర్లకు అద్దాలు బిగిస్తూ పదిహేనేళ్ళుగా నేను నమ్మిన మాట అది. తోటివాళ్ళ చేతుల్లో పెంకులు దిగితే క్యాంపులో అందరూ నా దగ్గరికే వచ్చేవారు. అలాంటి నాతో, దవడలో గాజు పెడతానన్నాడు పళ్ళ డాక్టర్!

కింది ముందుపళ్ళ అడుగున నీటితిత్తి పెరిగి ఎముకను లోపల్లోపలే తినేసిందట. ఎక్స్‌రేలో ఉసిరికాయంత నల్లటి గుంత కనబడింది. తిత్తి తీశాక ఆ ఖాళీ నింపకపోతే నాలుగు పళ్ళూ ఊడిపోవచ్చు, దవడ విరిగినా విరగొచ్చు అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "గాజు సంగతి నాకే చెప్తుండా ఈయన?" అని నర్సు మీద ఎగిరాను. ఆమెది హైదరాబాద్ పాతబస్తీ. డాక్టర్ ఇంగ్లీషును నాకు తెలుగు చేసి చెబుతోంది.

"అరె భయ్యా, గిది కిటికీ అద్దం కాదు. దీన్ల కాల్షియం, ఫాస్ఫరస్ ఎక్కువుంటది. లోపట మెల్లమెల్లగ కరుగుతది, దాని మీద ఎముక పెరుగుతది."

"గాజు కొలిమిల కరుగుతది గాని నోట్ల కరుగుతదా?"

"కరగకపోతే వచ్చి నన్ను తిట్టుండ్రి."

ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ లబలబలాడింది. "దుబాయ్ డాక్టర్లకు గాజు తప్ప ఇంకేం దొరకలేదా?" ఇది ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు దుబాయే. చివరికి సంతకం పెట్టాను. నమ్మకం కుదిరి కాదు, పళ్ళు పోతాయన్న భయంతో.

ఆపరేషన్ రోజు తిమ్మిరి సూది వేశారు. నేను కళ్ళు మూసుకోలేదు. చిన్న గిన్నెలో ఆ గాజు తెల్లటి రవ్వలా ఉంది. అందులో నా రక్తం రెండు చుక్కలు కలపగానే తడి ఇసుకలా ముద్దకట్టింది. అద్దం అంచుకు సిలికాన్ పట్టించేటప్పుడు నేనెంత ఓపికగా ఉంటానో, డాక్టర్ అంత ఓపికగా దాన్ని గుంతలోకి అదిమాడు. ఆ పనితనాన్ని మాత్రం మెచ్చుకోక తప్పలేదు.

తర్వాత ఆరు నెలలు ముందుపళ్ళతో దేన్నీ కొరకలేదు. ఇవాళ గుచ్చుతుంది, రేపు గుచ్చుతుంది అని రోజూ పొద్దున్నే నాలుకతో తడుముకునేవాణ్ణి. గుచ్చలేదు.

మళ్ళీ ఎక్స్‌రే తీసి, పాతదాని పక్కన పెట్టారు. గుంత లేదు! అద్దం మీద వెంట్రుకంత గీతను పది అడుగుల దూరం నుంచి పట్టే కళ్ళు నావి. ఎముక ఎక్కడ ఆగిందో, గాజు ఎక్కడ మొదలైందో ఎంత వెతికినా తెలియలేదు. చాలామటుకు కరిగిందని, మిగిలింది ఎముకలో కలిసిపోయిందని డాక్టర్ చెప్పాడు. నాలుగు పళ్ళనూ ఒక్కొక్కటిగా పట్టి ఊపాడు. ఒక్కటీ కదల్లేదు.

"తిట్టరా భయ్యా?" అని నర్సు నవ్వింది.

ఓడిపోయి అంత సంతోషపడటం నా బతుకులో అదే మొదలు. "నీ నోట్ల చక్కెర పొయ్య!" అని కేకేస్తే బయట కూర్చున్నవాళ్ళు తొంగి చూశారు.

ఆస్పత్రి దాటగానే ఉమ్ ఘువైలినా వీధిలో కాల్చిన మక్క కంకి కొని, మా ఆవిడకు వీడియో కాల్ చేశాను. ఆమె చూస్తుండగానే ముందుపళ్ళతో కొరికాను.

"మెల్లగ తినుండ్రి, పళ్ళు పైలం!" అని ఆమె అరుస్తూనే ఉంది. నేను ఒక్క గింజ కూడా మిగల్చలేదు.