ఇరవై మూడో పేరు

పెండింగ్ అన్న మాట నోట రాని తెలుగువాళ్ళు ఈ కాలంలో లేరు. ఇంట్లో అది మెత్తటి మాట. దుప్పట్లు ఉతకడం పెండింగు, జాకెట్టు కుట్టించుకోవడం పెండింగు, పుట్టింటికి పోయిరావడం పెండింగు. రేపు చూద్దాంలే అని దాని అర్థం. ఆఫీసు గడప దాటితే మాత్రం ఆ మాటకు కోరలొస్తాయి. అక్కడ పెండింగ్ అన్నారంటే ఎవరో ఒకరు తిట్లు తినాల్సిందే.

తోటపల్లి గూడూరు వైపు నాలుగు పల్లెలకు స్వర్ణ నర్సమ్మ. పదకొండేళ్ళుగా అదే పని. ఆమె సూది వేస్తే నొప్పి తెలియదని పేరు. నెలనెలా గర్భిణులను ఇళ్ళకు వెళ్ళి చూసి, బీపీ, బరువు ట్యాబులో ఎక్కించాలి. ఎక్కించని పేరు పెండింగని ఎర్రగా కనబడుతుంది. ఆ నవంబరు వానలకు రొయ్యల గుంటల గట్లు తెగాయి, దారులు మునిగాయి. వారం రోజులు ఆమె ఎటూ కదల్లేకపోయింది. ఎర్రపేర్లు ఇరవై మూడయ్యాయి.

"రేపు మీటింగులో సున్నా కనపడాల స్వర్ణా. ఎట్ట చేస్తావో నాకు తెలీదు," అన్నాడు సూపర్‌వైజరు పద్మనాభయ్య ఫోనులో. ఆయనకేం, కుర్చీలో కూర్చుని ఎన్నయినా చెబుతాడు.

పాపం, స్వర్ణ ఊరికే కూర్చోలేదు. బురదలో బండి నెట్టుకుంటూ ఇరవై రెండు ఇళ్ళు తిరిగింది. మధ్యాహ్నం నోట్లో మెతుకు పడలేదు. ఇక మిగిలింది షాహిస్తా ఒక్కతే. ఎనిమిదో నెల, తొలిచూలు. ఆ ఇల్లు కాలవ అవతల ఉంది. దాటే చోట నడుము లోతు నీళ్ళు పారుతున్నాయి.

ఇలాంటప్పుడు ఏం చేయాలో నర్సులందరికీ తెలుసు. పోయిన నెల అంకెకు రెండు కలిపి వేసేస్తారు. సర్దడం అంటారు దాన్ని. తర్వాత వీలు చూసుకుని నిజంగానే వెళ్ళి చూసి వస్తారు. స్వర్ణ బండి మీద కూర్చునే బీపీ నూట పన్నెండు, డెబ్బై రెండు అని కొట్టింది. కాళ్ళ వాపు ఉందా అని ట్యాబు అడిగితే లేదని నొక్కింది. మీటింగు కాగానే నీళ్ళు తీసినా తీయకపోయినా వచ్చి చూద్దామనుకుంది. ఎరుపు పోయింది. ప్రాణానికి హాయిగా అనిపించింది, అబద్ధమెందుకు.

మర్నాడు మీటింగులో పద్మనాభయ్య ఆమెను లేపి నిలబెట్టి, "ఈమెను చూసి నేర్చుకోండి," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సరిగ్గా ఆ పూటే షాహిస్తాకు బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయి. మంచంతో సహా కాలవ దాటించి నెల్లూరు చేర్చేసరికి బిడ్డ దక్కింది, తల్లి దక్కలేదు.

మూడో రోజు ఫాతెహా ప్రార్థనలు అయి జనం వెళ్ళిపోయాక స్వర్ణ ఆ ఇంటికి వెళ్ళింది. షాహిస్తా అత్త నూర్జాన్ ఒక్కతే వసారాలో కూర్చుని ఉంది. బిడ్డ ఇంకా ఆస్పత్రిలో గాజుపెట్టెలోనే ఉంది.

"రా నర్సమ్మా," అని నూర్జాన్ చాప జరిపింది. "ముందురోజు నువ్వొచ్చి చూసినావంట కదా. అంతా బాగుందని రాసుందని డాక్టరు చెప్పినాడు. నేను అంగడికి పోయినప్పుడు వచ్చినావేమో. కాళ్ళు ఉబ్బినాయి, తల నొప్పి అని పిల్ల అంటానే ఉన్నింది. నర్సమ్మ వస్తాదిలే, చూస్తాదిలే అని నేనే ఆపినాను. నీతో ఏమన్నా చెప్పుకున్నిందా?"

వచ్చినాను, బాగానే మాట్లాడింది అంటే చాలు. ఉద్యోగం నిలుస్తుంది, ముసలామెకు ఓదార్పూ దొరుకుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. స్వర్ణకు తన మీద తనకే అసహ్యం పుట్టింది.

"నేను రాలేదమ్మా. రాకుండానే రాసినాను."

నూర్జాన్‌కు ముందు అర్థం కాలేదు.

"ఎందుకు?"

"మీ కోడలి పేరొక్కటే పెండింగు ఉన్నింది."

"ఉంటే ఏమయ్యేది?"

స్వర్ణ తల దించుకుంది. "తిట్టేవాళ్ళు."

"అంతేనా?" అంది నూర్జాన్.