పొడుగు బస్సు పక్కన డబుల్స్

మొన్న మా అమ్మాయి కొత్త సైకిల్ కొనుక్కుంది. హ్యాండిల్‌కి ఓ బుల్లి అద్దం, వెనకొచ్చే బండ్లు కనబడటానికట. "సేఫ్ లా, అమ్మా" అంది సింగపూర్ యాసలో. నాకు నవ్వొచ్చింది. మా కాపురం కొత్తల్లో ఆ అద్దం ఉద్యోగం నాదే. రెండువేల సంవత్సరం ముంచుకొస్తోందని ప్రపంచమంతా కంప్యూటర్లలో తేదీలు దిద్దించుకుంటున్న రోజులవి. ఆ దిద్దుబాటు పని మీదే మా ఆయనా నేనూ సింగపూర్ వచ్చి, బుకిట్ బటోక్‌లో ఓ గదిలో దిగాం. పాత సైకిల్ మీద డబుల్స్ వెళ్లడం తెనాలి అలవాటు, ఇక్కడా మానలేదు. పొద్దున్నే ఆయన తొక్కేవారు. నేను వెనక క్యారియర్ మీద ఒక పక్కకి కూర్చుని, టిఫిన్ డబ్బాలు ఒళ్లో పెట్టుకుని, రైలు స్టేషన్ దాకా కబుర్లు చెప్పేదాన్ని. వాన పడితే ఆయన కళ్లద్దాల్లోంచి ఏమీ కనబడేది కాదు. దిగి నడుద్దామంటే వినరు, మొండిమనిషి. "నువ్వు చూసి చెప్పు, చాలు" అనేవారు. నాకు భలే గర్వంగా ఉండేది.

అలాంటి ఓ వాన పొద్దున, మలుపు దగ్గర ఓ పొడుగు బస్సు మమ్మల్ని దాటి ఎడమకి తిరగసాగింది. మధ్యలో మడతల రబ్బరు తిత్తి, దాని వెనక మళ్లీ అంత బస్సు. రోజూ చూసేదే. కానీ నా కళ్లింకా తెనాలివే. మా ఊళ్లో బస్సు మూతి సందులోకి తిరిగిందంటే తోక కూడా పోయినట్టే. "పోయిందా?" అన్నారాయన. "పోయింది, పదండి" అన్నాను. ఆయన తలైనా ఎత్తకుండా తొక్కారు. వెనక సగం అప్పుడే కాలిబాట అంచు రాసుకుంటూ మా మీదికొస్తోంది. నేను పెట్టిన కేకకి ఆయన సైకిల్‌ని గడ్డిలోకి తిప్పేశారు. ఇద్దరం బురదలో పడ్డాం. డ్రైవరు, తమిళ పెద్దాయన, బస్సాపి పరుగెత్తుకొచ్చి మమ్మల్ని లేపాడు. ముక్కు కాదమ్మా చూడాల్సింది, చిట్టచివరి మూడో చక్రం పోవాలి అని తమిళంలో మందలించాడు.

ఆ రోజంతా నాకు పని సాగలేదు. నా ఒక్క మాటతో మనిషి పోయుండేవాడు. నాలుగు తిట్టినా బాగుండేది, ఆయన పల్లెత్తు మాటనలేదు. మర్నాడూ వానే. నేను గొడుగు తీసి, నడిచొస్తాను, ఇక నా మాట నమ్మకండి అంటూ ఏడ్చేశాను. ఆయన క్యారియర్ మీద తడి తుడిచి, "ఎక్కు. నిన్న తప్పుగా చూసినదానివి, ఇవాళ నీకంటే బాగా ఎవరు చూస్తారు?" అన్నారు.

ఎక్కాను. అదే మలుపు, అలాంటి బస్సే. మూడో చక్రం పోయాక కూడా నాకు నోరు పెగల్లేదు. ఆయన తొందరపెట్టలేదు, వెనక్కి తిరిగీ చూడలేదు. ఒక కాలు నేలకానించి, నేను చెప్పేదాకా వానలో తడుస్తూ నిలబడ్డారు. ఆ తర్వాత ఏళ్లన్నీ పరుగులోనే గడిచిపోయాయి గానీ, కాలం నాకోసం ఆగిందంటే ఆ నిమిషం సేపే.