వాసనొస్తే మంచి నీళ్ళే

ఏడో తరగతిలో బడి నాకు, నేను బడికి ఒకేసారి దండం పెట్టుకున్నాం. తర్వాత దండాలన్నీ నీళ్ళ ట్యాంకుకే. చిత్తూరు వైపున్న మా పేటలో పదకొండేళ్ళు వాల్వు తిప్పాను, ట్యాంకులో బ్లీచింగు పొడి కలిపాను. చెరువు నీళ్ళవి. మధ్యలో వాటిని వడకట్టాల్సిన ఇసుక తొట్టి ఒకటుంది. అందులో ఇసుక కంటే పాచి ఎక్కువ.

మా పేటలో నీళ్ళను కంటితో నమ్మరు, ముక్కుతో నమ్ముతారు. మొదటి బిందె నిండగానే ఎవరో ఒకరు వంగి వాసన చూస్తారు. బ్లీచింగు ఘాటు తగిలిందా, సరే. తగల్లేదా, నేను పొడిని అమ్ముకుని తిన్నట్టే. ఒక వేసవిలో నీళ్ళు పచ్చగా వస్తున్నాయని అందరూ మీద పడితే, రెట్టింపు పొడిని గుడ్డలో మూటగట్టి కొబ్బరితాడుతో ట్యాంకులోకి వేలాడదీశాను. మర్నాడు ముక్కులన్నీ శాంతించాయి. తిరుపతి తీర్థంలో పచ్చకర్పూరం, మన తీర్థంలో ఇది అని నేనంటే నవ్వుకుంటూ బిందెలెత్తుకున్నారు. అప్పట్నుంచి ఆ మూట అక్కడే ఉండిపోయింది.

మూట కట్టడం నాకు నేర్పింది మా సారు, నీళ్ళ పనులన్నీ చూసే ఆయన. ఇసుక తొట్టి కడుగుదామా సార్ అని మొదట్లో ఒకటి రెండుసార్లు అడిగాను.

"వాసనొస్తే మంచి నీళ్ళే రా. ఇంగ దీంట్లో సదవాల్సింది ఏం లేదు" అన్నారు.

చదవాల్సింది లేదంటే నాకంటే సంతోషించేవాడెవడు?

కిందటేడు ఆయన కూతురు కాన్పుకు పుట్టింటికి వచ్చింది. రోజు విడిచి రోజు క్యాను నీళ్ళు నా మోపెడ్ మీద పెట్టుకుని వాళ్ళింట్లో దించేవాణ్ణి. మన కొళాయి ఉండగా ఇదెందుకు సార్ అంటే, కూతురికి పట్నం నీళ్ళు అలవాటని చెప్పారు. పట్నం నీళ్ళకు కొమ్ములుంటాయి కాబోలని ఎగతాళి చేసి ఊరుకున్నాను.

ఈ ఏడు నా భార్యకు ఆరో నెల. అంతకుముందు ఒకటి నిలవలేదు. అందుకని గడప దాటాలన్నా ఒకరినొకరు అడిగి దాటుతున్నాం. అలాంటి రోజుల్లో పరీక్షకు నీళ్ళు పట్టుకోవడానికి ల్యాబు నుంచి ఒకావిడ వచ్చింది. ట్యాంకెక్కి నా మూటను చూసింది. నేను పచ్చకర్పూరం మాట చెప్పాను. నవ్వలేదు. ఇంకోలా చెప్పాను. అప్పుడూ నవ్వలేదు.

కిందికి దిగాక నాకు అర్థమయ్యేలా చెప్పింది. బ్లీచింగు పురుగుల్ని చంపుతుంది, అది వేయాల్సిందే, మానేస్తే ఊరంతా వాంతులు, బేదులు. కానీ కుళ్ళిన ఆకులు, పాచి తీయకుండా వేస్తే, ఆ కుళ్ళుతో కలిసి కొత్త రసాయనాలు పుడతాయట. కంటికి కనబడవు. అవి హద్దు దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే మూత్రసంచికి క్యాన్సర్ వచ్చే ముప్పు పెరగొచ్చట. కడుపుతో ఉన్నవాళ్ళకు ఏమవుతుందో ఇంకా గట్టిగా తేల్చలేదట, అయినా జాగ్రత్తగా ఉండటం మేలట. ముందు వడకట్టి, ఆ తర్వాత కొలత ప్రకారం వేస్తే ఇంత గొడవ ఉండదు.

"మీ సారుకు పోయినేడే రాసి పంపినాం కదప్పా. ఆయన చెప్పలేదా?" అంది.

ఎప్పుడని అడిగాను. ఎండలు మొదలయ్యే ముందంది. నేను క్యాన్లు మోయడం మొదలుపెట్టింది ఎండలు మొదలయ్యాక.

నేరుగా సారు దగ్గరికి వెళ్ళాను. ఆయన కాదనలేదు. తొట్టి బాగుచేయమని పైకి రాశానని, జవాబు రాలేదని, జనానికి చెబితే బ్లీచింగే వద్దని గోల చేస్తారని నిదానంగా అన్నారు. అందులో అబద్ధం ఉందని నేననను.

"మీ పాపకు చెప్పినారు కదా సార్" అన్నాను.

ఆయన టేబుల్ మీదున్న కాగితాలు సర్దుకున్నారు. పదకొండేళ్ళలో నేను వేసిన ప్రతి జోకుకూ నవ్విన మనిషి.

మధ్యాహ్నం అన్నం దగ్గర భార్యకు చెప్పాను. కంచం పక్కకు జరిపింది.

"నువ్వు కలిపే నీళ్ళు కదా అనే తాగతా ఉండాను" అంది. "ఆ పోయిందానికి కూడా ఇదేనా?" అని అడిగింది.

తెలియదన్నాను. ల్యాబు ఆవిడకూ తెలియదన్నాను. ఆమె లేచి, నిండు బిందెను పెరట్లో కుమ్మరించింది.

మర్నాడు పొద్దున వాల్వు తిప్పలేదు. బిందెల వరస ముందు నిలబడి, రెండు రోజులు నీళ్ళు రావని, మూట తీసేశానని, తొట్టి, ట్యాంకు కడిగి కొలత ప్రకారం కలుపుతానని, ఇన్నాళ్ళు మనం మెచ్చుకున్న ఆ వాసన మంచిది కాదని చెప్పాను. అందరూ నవ్వారు. వీడి జోకులు పొద్దున్నే మొదలయ్యాయని ఒకామె, పొడి యాడ అమ్మేసినావో చెప్పమని ఇంకొకామె. ఎంత గట్టిగా చెబితే అంత గట్టిగా నవ్వారు.

అప్పుడు మా ఇంటావిడ వచ్చింది. ఖాళీ బిందె తెచ్చి, వరసలో అందరికంటే ముందు బోర్లించి, దాని పక్కనే నిలబడింది. ఆమె పొట్ట చూశారు, ముఖం చూశారు. నవ్వులు ఆగిపోయాయి.

పక్కింటి అవ్వ, రోజూ మొదటి బిందె వాసన చూసే మనిషి, నా దగ్గరికి వచ్చింది.

"ఇది నీకు ఎప్పట్నుంచి తెలుసు రా అబ్బోడా?"

"నిన్నట్నుంచి అవ్వా."

"పదకొండేండ్లుగా కలపతా ఉండేది నువ్వే. నిన్న తెలిసిందా?"

నా ముఖంలోకి చూసింది. నేను చెప్పింది నిజం. ఖాళీ బిందె చంకనెత్తుకుని వెళ్ళిపోయింది.