పరీక్షకు కావలసిన పిల్ల

రసూల్ సాహెబు మూగవాళ్ళ చేత మాట్లాడించాడని డోన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మాట్లాడించింది ఒక్క పిల్లను. పదకొండు నెలల్లో ఆ పిల్లకు వచ్చినవి ఎనభై మాటలు. తరువాత అవీ పోయాయి. ఆయన్ను మహాత్ముణ్ణి చేసి దండ వేయాలనుకునేవాళ్ళకు ఇది రుచించదు గాని, జరిగింది ఇదే.

ఆయన దూదేకులవాళ్ళ బిడ్డ. తండ్రి చిన్నప్పుడే పోతే, తల్లి గుల్జార్ బీ పరుపులకు దూది ఏకి కొడుకును ఎనిమిదో తరగతి దాకా చదివించింది. ట్రైనింగు అయి బోర్డు బడిలో పంతులయ్యాడు. చెవిటి పిల్లలకు మాట నేర్పే పంతుళ్ళకు మద్రాసులో ఒక సంస్థ సర్టిఫికెట్ ఇస్తుందని 1935లో తెలిసింది. అప్పటికి ఆయనకు ముప్పై మూడేళ్ళు. ఆర్నెల్లు సెలవు పెట్టి పోయి చేరాడు. సేవ కోసమని ఆయన కూడా ఎప్పుడూ అనలేదు. అలాంటి సర్టిఫికెట్ ఉన్నవాడు చుట్టుపక్కల ఒక్కడూ లేడు. అది చేతికొస్తే ఎక్కాలు చెప్పిస్తూ ముసలివాడు కానక్కరలేదు. అంతే.

అది ఊరికే వచ్చేది కాదు. అభ్యర్థికి ముప్పై అయిదు నిండకూడదు. చెవీ గొంతూ సరిగా ఉన్నాయని డాక్టరు రాసివ్వాలి. ఏ శబ్దం గొంతులో పుడుతుందో, ఏది నాలుక కొసన పుడుతుందో రాతపరీక్ష ఉంటుంది. అది గట్టెక్కాక సొంత ఊరికి పోయి, బడి మొహం చూడని ఒక చెవిటి బిడ్డను ఎంచుకొని మూడువందల గంటలు చెప్పాలి. వారం వారం ఆ గంటలను పుస్తకంలో రాసి హెడ్మాస్టరు చేత సంతకం పెట్టించుకోవాలి. చివరికి ఆ బిడ్డను వెంటబెట్టుకొని మద్రాసు పోవాలి. పరీక్షకులు ఇచ్చిన పన్నెండు వాక్యాలు బిడ్డ పైకి చదవాలి. బిడ్డ తప్పితే పంతులు తప్పినట్టే.

రాతపరీక్ష దాకా రసూలు నెగ్గాడు. ఇక బిడ్డ కావాలి.

కోసిగి నుంచి రైలుపట్టాల కంకర పనికి డోన్ వచ్చిన ఈరప్ప, హంపమ్మల కూతురు హులిగెమ్మ. తొమ్మిదేళ్ళది. రెండేళ్ళప్పుడు జ్వరంలో చెవులు పోయాయి. హంపమ్మ అడగ్గానే ఒప్పుకుంది. ఈరప్ప అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. హెడ్మాస్టరు బసవరాజు మాత్రం నవ్వాడు.

“ఏమప్పా రసూలు, చెవులుండే నా కొడుకులకే ఈడ ఏడో ఎక్కం పలకదు. నువ్వు చెవుల్లేనిదాంతో పలికిస్తావా?” అంటూనే సంతకం పెట్టేవాడు.

మద్రాసులో బిడ్డ చెయ్యి హార్మోనియం మీద ఆనించి, శబ్దమంటే ఈ అదురేనని చూపేవాళ్ళు. డోన్‌లో రసూలుకు దొరికింది తల్లి దూది ఏకే విల్లు. గుల్జార్ బీ కొయ్యగుండుతో నారిని కొడుతుంటే, విల్లు బద్ద మీద పిల్ల అరచెయ్యి పెట్టించాడు. తరువాత అదే చెయ్యి తన గొంతు మీద, ఆ పైన పిల్ల గొంతు మీద. మూడో వారంలో ఆ చిన్న గొంతు అదిరింది. ‘అమ్మ’ వచ్చింది. హంపమ్మ ఆ మాట విని, నెత్తి మీది కంకర గంప దించి కూలబడింది.

“దీనికి మాటలొస్తే మొదట నిన్నే తిడతాది సూడు,” అనేది గుల్జార్ బీ కొడుకుతో. ఆయన నెమ్మదైన పంతులు కాడు. దాహమేసిన పిల్ల ‘నీళ్ళు’ అని పలికేదాకా చెంబు అందనిచ్చేవాడు కాడు.

పదో నెలకు అన్నీ దారికొచ్చాయి, ర ఒక్కటి తప్ప. ర లేని వాక్యాలు పన్నెండు ఏ పరీక్షకుడు ఇస్తాడు? వేపబద్దతో పిల్ల నాలుక కొసను లేపి పట్టి, పూటకు వందసార్లు పలికించేవాడు. ఒక సాయంత్రం కూతురిని తీసుకుపోవడానికి హంపమ్మ వస్తే పిలిచి చూపించాడు.

“సూడు హంపమ్మా, ఈ కొన పైకి లేసి ఆడాల. ఇదొక్కటైతే మద్రాసులో పాసే.”

ఆమె వంగి చాలాసేపు చూసింది. లేచిన నాలుక కింద సన్నని నరం బిగుసుకొని ఉంది. “దీన్ని లేయనీకుండా పట్టుకుండేది ఇదేనా, అయివారప్పా?” అని అడిగింది. రసూలు పుస్తకంలో గంటలు రాసుకుంటూ తలెత్తకుండానే ఊఁ అన్నాడు. చెవిటి బిడ్డ నాలుకలో ఏ లోపమూ ఉండదని ఆయనకు తెలుసు. పరీక్షలో రాశాడు కూడా. తల్లికి చెప్పాలని ఏ నిబంధనలోనూ లేదు.

కోసిగి వైపు మాట ఆలస్యమైన పిల్లలకు నాలుక కింద నరం కోయిస్తారు. తలగొరిగే మనిషే ఆ పని కూడా చేస్తాడు. పరీక్షకు నెల ఉందనగా బంధువుల పెళ్ళికి ఊరికి పోయిన హంపమ్మ, అయివారి పని సులువవుతుందని కూతురి నోరు ఆ మనిషి ముందు తెరిపించింది. పొద్దుగూకేదాకా నెత్తురు ఆగలేదు. నాలుక వాచి నోరు నిండిపోయింది. జ్వరం. పద్దెనిమిది రోజులు గుడ్డ తడిపి నోట్లో గంజి పిండారు.

పిల్ల రాకపోయేసరికి రసూలే కోసిగికి పోయాడు. అప్పటికి గాయం మానింది. పరీక్ష ఇంకా తొమ్మిది రోజులుంది. ఆ మరుసటి నెలలో ఆయనకు ముప్పై అయిదు నిండుతాయి. ఈరప్ప గుడిసె బయట కూర్చున్నాడు. లేవలేదు.

“నువ్వే సూపిస్తివి గదా, అయివారప్పా. అది అడ్డమని నేను కోయిస్తి,” అంది హంపమ్మ. “తప్పయింటే నన్ను తన్ను. దాన్ని మాత్రం మద్రాసుకు తోడ్కపో. మాట్లాడకుంటే కొట్టన్నా మాట్లాడిచ్చు.”

పిల్ల ముందు గొంతుకూర్చుని, దాని చెయ్యి తన గొంతు మీద పెట్టుకొని ‘అమ్మ’ అన్నాడు. పిల్ల చెయ్యి లాక్కుంది. నాలుగుసార్లు పెట్టాడు, నాలుగుసార్లూ లాక్కుంది. అప్పుడు రసూలు చేసిన పనిని డోన్‌లో ఎవరూ చెప్పరు. బొటనవేలితో, చూపుడువేలితో దాని దవడలు నొక్కి నోరు తెరిపించాడు. సాయం చేస్తున్నాననుకొని హంపమ్మ వెనకనుంచి బిడ్డ భుజాలు గట్టిగా పట్టుకుంది.

పిల్ల అరిచింది. పదకొండు నెలల్లో అంత నిండైన గొంతు ఎన్నడూ రాలేదు. ఆ అదురు ఆయన వేళ్ళకు తెలిసింది.

“వదిలెయ్ హంపమ్మా,” అన్నాడు. ఆమె వెంటనే వదల్లేదు. ఈరప్ప లోపలికొచ్చి కూతురిని ఎత్తుకొని పోయాడు.

రసూలు, “నాలికలో ఏమీ ల్యాకుండె. మొదట్నించీ ల్యాకుండె. చెవులు లేవు, అంతే,” అన్నాడు.

హంపమ్మ ఆయన వైపు చూసింది. “ఆ మాట ఆ పొద్దే సెప్పింటే అయిపోతుండె గదప్పా,” అంది.

ఆయన మద్రాసు పోలేదు. ఆ ఏడు కూలికి వలసపోయే సుగ్గికాలంలో ఈరప్ప, పత్తి తియ్యడానికి హులిగెమ్మను కూడా వెంట తీసుకుపోయాడు. రసూలు మళ్ళీ కోసిగిలో దిగలేదు.